సముద్రానికి పోయే మోకు

మోకులు తనిఖీ చేసే ఖుర్షీద్, పోగులు తెగిన చోట ఎర్ర సుద్దతో గీసిన గీతను మేనేజర్ వెంకటేశ్ బూటుకాలితో చెరిపేశాడు.

"నీకు జీతమిచ్చేది తాడు చూడనీకి, ఆపనీకి కాదు" అంటూ ఆమె రెక్క పట్టి గేటు బయటికి నెట్టాడు. అరవై మంది చూశారు. మరమగ్గం మూతపడ్డాక ఇక్కడ కుట్టుపనికి చేరిన జమున అందరికంటే దగ్గర నుంచి చూసింది.

కరీంనగర్ శివారులోని ఆ షెడ్డులో మనిషి తొడంత లావు పాలిస్టర్ మోకులు పేనుతారు. లోతు సముద్రంలో తేలే గాలిమరలు కొట్టుకుపోకుండా పట్టి ఉంచేవి అవే. పేనేవాళ్లలో సముద్రం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. పదేళ్లలో సముద్రం మీద వందల గాలిమరలు తేలతాయని, ఈ ఒక్క షెడ్డు పది షెడ్లవుతుందని యజమాని వచ్చినప్పుడల్లా చెప్పేవాడు.

వెంకటేశ్ జమున వైపు తిరిగాడు. "లోపల నాలుగు పోగులు తెగితే ఏమాయె? పైన తొడుగు కుట్టెయ్. సాయంత్రం లారీ పోవాలె."

జమున సూది కింద పెట్టింది. "తెగిన పోగుల మీద తొడుగు నేను కుట్ట సారూ."

యంత్రాలు ఒక్కొక్కటే ఆగాయి. జనం గుమిగూడారు. ముందుగా ఎదురు మాట్లాడింది ప్రణయ్. బెల్లంపల్లిలో బాపు పనిచేసిన బొగ్గుబాయి మూతపడితే పొట్ట చేతబట్టుకుని వచ్చినవాడు.

"అక్కా, బాయి పాయె, మగ్గం పాయె. పెరిగే పని గిదొక్కటే ఉన్నది. దీన్ని గూడ పోగొడ్తవా?"

"పెరగాలెననే నేను గూడ అంటున్న తమ్మీ. రేపు గాలిమర తెంపుకొని పోతే ఏమంటరు? కరీంనగరోళ్ల తాడు తెగిందంటరు. గీ సారు పేరు చెప్తరా?"

బాలమల్లు ముందుకొచ్చాడు. కల్లు గీసే గౌండ్ల ఇంటి మనిషి, మాట తక్కువ.

"మా బాపు మోకు తెగి తాటిచెట్టు మీదికెళ్లి పడ్డడు. ఊరంత నసీబు అన్నది. నసీబు కాదు, పాడైన మోకు. గా గాలిమర ఎక్కి మరమ్మతు జేసేటోడు గూడ మనసొంటి కూలోడే. ఆని పెండ్లాంకు ఏం జెప్పాలె మనం?"

వెంకటేశ్ నవ్వాడు. "సముద్రం ఏడ, మీరేడ?"

"సముద్రం ఏడున్నా తాడు మా చేతులల్ల ఉన్నది" అంది జమున.

వెళ్లి మోకు చుట్ట మీద కూర్చుంది. పక్కన బాలమల్లు. ఆ తర్వాత ఇరవై మంది, ఆ తర్వాత షెడ్డంతా. ప్రణయ్ ఒక్కడే నిలబడిపోయాడు.

"ఖుర్షీద్‌ను లోపలికి పిలువాలె! తెగిన తావు కోసెయ్యాలె!" అని అంతా నినాదం అందుకున్నారు.

గేటు బయట నుంచి ఖుర్షీద్ కూడా గొంతు కలిపింది.

లారీ వచ్చి ఖాళీగా నిలబడింది. దాని వెనకే, వెంకటేశ్ పిలిపించిన పోలీసు జీపు.

"పనికి అడ్డం పడుతున్నవంట. లే" అన్నాడు ఎస్సై.

"తప్పుడు పనికి అడ్డం పడ్డ సారూ."

ఇద్దరు కానిస్టేబుళ్లు జమునను లేపి జీపెక్కించారు. గేటు దగ్గర ఖుర్షీద్‌నూ పట్టుకొచ్చారు. జమున కూతురు కావ్య కాలేజీ నుంచి ఇంటికి వచ్చే వేళయింది. జమున రోడ్డు వైపే చూసింది.

"జర ధైర్యం పట్టు అక్కా" అంటూ ఖుర్షీద్ ఆమె చెయ్యి పట్టుకుంది.

అప్పుడు ప్రణయ్ కదిలాడు. మోకు కోసే వేడికత్తి తెచ్చి, వెంకటేశ్ ముందు నుంచే నడిచి, తెగిన తావు మీద ఆనించాడు. గుప్పున పొగ లేచింది.

"ప్రణయ్! నీ నౌకరి పోతది!"

"పోనీ సారూ. గీ మోకు మాత్రం సముద్రానికి పోదు."

అప్పుడే గేటు దగ్గర రెండో షిఫ్టు వాళ్లు ఆటోలు దిగుతున్నారు. జీపులోంచి జమున గొంతెత్తి జరిగిందంతా చెప్పింది. ఒక్కరూ లోపలికి అడుగుపెట్టలేదు. టిఫిన్ డబ్బాలు పక్కన పెట్టుకుని జీపుకు అడ్డంగా బైఠాయించారు.

ఎస్సై హారన్ కొట్టించాడు. ఎవరూ లేవలేదు.