చచ్చాక పాడిన పద్యం

"ఊరికే పెదాలు కదపండమ్మా, చాలు. పద్యం సంగతి రికార్డు చూసుకుంటుంది" అన్నాడు నిర్మాత అచ్యుతరామారావు, తెర పక్కన నిలబడి.

అమలమ్మకి ఒళ్ళు మండిపోయింది. సినిమా వందరోజుల పండగ బెజవాడలో పెట్టి, అందులో తల్లి వేషం వేసిన మనిషిని బెజవాడ స్టేజీ మీదే మూగదాన్ని చేస్తాడా!

ఆమె పుట్టింది రంగూన్‌లో. అక్కడివాళ్ళు పొమ్మంటే మొగుడితో ఓడెక్కి వచ్చిపడింది. "రంగూనమ్మ" అని వెక్కిరించిన ఈ ఊరే, పద్యం విన్నాక నెత్తిన పెట్టుకుంది. గుడివాడ నుంచి కొండపల్లి దాకా ఆమె నాటకం ఆడని ఊరు లేదు. జనం వన్స్‌మోర్ అన్నారా, అప్పుడే చచ్చిన రాణి అయినా లేచి కూచుని, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోవాల్సిందే. ఇక్కడి మర్యాద అది.

మరి మద్రాసు సినిమావాళ్ళు చేసిందేమిటి? మొహం బాగుందన్నారు, ఏడుపు బాగుందన్నారు. మాటలో బర్మా యాస ఉందని ముక్కు విరిచి, ఆమెకి చెప్పకుండానే ఎవరి గొంతో అతికించారు. ఎంత సిగ్గుమాలిన పని! సినిమా చూసిన నాటకాల కాంట్రాక్టర్లు "పాపం, అమలమ్మకి గొంతు పోయిందట" అనుకుని పిలవడమే మానేశారు. మూడు నెలలుగా ఆమె మొహానికి రంగు లేదు.

"నేనే పాడతానండీ" అంది.

"అబ్బే, జనానికి ఆ గొంతే అలవాటైందమ్మా."

తెర లేచింది. సినిమాలో తల్లి చచ్చిపోయే ఘట్టమే స్టేజీ మీద. మంచం మీద పడుకుని, పళ్ళు బిగబట్టి, పరాయి గొంతుకి పెదాలు కదిపింది. పద్యం అయిపోయింది, తల్లి చచ్చిపోయింది. హాలంతా ఒక్కటే అరుపు: "వన్స్‌మోర్!"

రికార్డు మీద ముల్లు మళ్ళీ పెట్టబోతున్నారు. అమలమ్మ లేచి కూచుంది.

"ఆ పెట్టె ఆపవయ్యా!"

"పడుకోండమ్మా, మీరు చచ్చిపోయారు!" అన్నాడు అచ్యుతరామారావు పక్కనుంచి, పళ్ళు కొరుకుతూ.

"మద్రాసులో చచ్చాను బాబూ. ఇది బెజవాడ."

మరియతల్లిని తలుచుకుని ఎత్తుకుంది. మొదటి పాదానికే ముందు వరసలవాళ్ళు మెడలు చాచారు. రెండో పాదానికి వెనక బెంచీల్లోంచి ఎవరో లేచి కేకపెట్టారు.

"గొంతు పోలేదురోయ్! మన అమలమ్మ గొంతు పోలేదు! మరి ఇన్నాళ్ళూ మాకు వినిపించింది ఎవరి గొంతయ్యా?"

అచ్యుతరామారావు తెర దించమని చెయ్యి ఊపాడు. తాడు పట్టుకున్న పుల్లయ్య పాత నాటకాల మనిషి.

"పద్యం అవలేదండి" అన్నాడు, అమలమ్మ వైపు చూస్తూనే.