పచ్చ చీటీ

గరిటెతో పెద్ద చిక్కుడు గింజలు తీసి, గంగాళం అంచుకు తట్టి, చీటీ చూసి, పళ్ళెంలో వేయడం. తర్వాతివాడు. పంతొమ్మిదేళ్ళుగా అతని మధ్యాహ్నం ఇంతే. ఫ్యాక్టరీ క్యాంటీనులో అందరూ అతన్ని గరిటె అనే పిలుస్తారు. మనిషీ అలాగే ఉంటాడు, సన్నటి ఒళ్ళు, పైన గుండ్రటి తల.

చీటీ చూడటం మాత్రం కొత్త. పోయిన నెల జన్యువుల పరీక్ష అంటూ ఎవరో వచ్చి అందరిచేతా గొట్టాల్లో ఉమ్మించుకుపోయారు. ఎవరి పుట్టుకకు ఏ తిండి పడుతుందో ఉమ్మిలో తెలిసిపోతుందట. పచ్చ చీటీ వస్తే గింజలు తినొచ్చు, ఎర్ర చీటీ వస్తే ముట్టుకోకూడదు. ఆ రోజు గొట్టాలు సర్దే పని గరిటెకు అప్పగించారు. చెయ్యి ఊరుకుంటుందా? తన గొట్టం మీదా గేటు కాపలాదారు గొట్టం మీదా పేర్లు తారుమారు చేసి అంటించాడు. ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేకపోయినా బావా బావమరిదీ అనుకుంటారు, ఆ మాత్రం సరసం ఉండొద్దూ అనుకున్నాడు.

గరిటెకు ఎర్ర చీటీ వచ్చింది. గింజలు తింటే రక్తం విరిగి కళ్ళు పచ్చబడతాయని వెనకాల సన్నటి అక్షరాలు. కూడబలుక్కుని చదివి, ఆ గింజలు తినే పెరిగినవాడు కాబట్టి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ ఎరుపు మరెవరిదో ఆలోచించలేదు.

చీటీలు వచ్చాక గింజలు వండటం ఇవాళ్టికి మూడో రోజు. కాపలాదారు వరసలో ముందుకొచ్చి పళ్ళెం చాచాడు. అతని కళ్ళలో తెలుపు లేదు.

"బావా, కళ్ళు పచ్చబడ్డాయేంటి?"

"చీటీ పచ్చ, కళ్ళు పచ్చ. ఇంకేం కావాలి? మా అమ్మ వీటిని ముట్టుకోనిచ్చేది కాదు. యాభై ఏళ్ళు ఊరికే భయపడ్డాను. వెయ్యి, ఇంకో గరిటె."

గరిటె చేతిలో గరిటె ఆగిపోయింది.

"తినకు బావా. ఆ చీటీ నాది. గొట్టాల మీద పేర్లు నేనే మార్చాను. ఒట్టు. ఆసుపత్రికి పద."

వరసంతా నవ్వింది. కాపలాదారు బూట్లలో జిగురు పోసిందీ, రిటైరయ్యావని దొంగ ఉత్తరం పంపిందీ ఇతనే. అప్పుడూ ఒట్టే వేశాడు. క్యాంటీను మేడం వచ్చి, చీటీ పచ్చగానే ఉందిగా, వడ్డించమంది. గరిటె గంగాళాన్ని నేల మీద బోర్లించాడు. దానికి ఇంకా నవ్వారు.

"ఇవాళ్టి నాటకం బాగుంది," అంటూ కాపలాదారు ఒట్టి రొట్టె పట్టుకుని గేటు వైపు నడిచాడు. దారిలో రెండుసార్లు గోడ పట్టుకున్నాడు.

నేల కడిగాకే కదలమంది మేడం. కడిగాడు. తడి చేతులతోనే పరిగెత్తాడు.

గేటు బయట లారీ హారన్ కొడుతోంది. తెరిచేవాళ్ళు లేరు. కాపలాదారు కుర్చీలో గోడకు తలానించి ఉన్నాడు. కొరకని రొట్టె ఒళ్ళో ఉంది.

"లే బావా," అన్నాడు గరిటె, భుజం కదుపుతూ. "ఈసారి నువ్వే గెలిచావు."

లారీ మళ్ళీ హారన్ కొట్టింది. కుర్చీ పక్కన మేకుకు తగిలించిన పచ్చ చీటీ గాలికి తిరుగుతోంది: ఈ వ్యక్తి ఏదైనా నిర్భయంగా తినవచ్చు.