సగంలో ఆగిన బొమ్మల సినిమా

మా ఆయన ఇంట్లో నోరు విప్పే మనిషి కాదు. కూరలో ఉప్పు ఎక్కువైతే గిన్నె కాస్త పక్కకు జరిపేవారు, అంతే. ఇన్నేళ్ళ కాపురంలో నేను పోట్లాడినప్పుడల్లా నా గొంతు నాకే వినపడి ఊరుకునేదాన్ని. అలాంటి మనిషి ఆదివారం పొద్దున టీవీలో రాక్షసుడిలా గర్జించేవారు, ఆడపిల్లలా వెక్కివెక్కి ఏడ్చేవారు, ముసలి ఎలుగుబంటిలా గుర్రుమనేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఈ గొంతులన్నీ ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు, నా దగ్గర ఒక్కటీ బయటికి తియ్యలేదేం అని.

ఇదంతా పెద్దిరాజు తెచ్చిపెట్టిన తంటా. తొంభై ఆరులో నిడదవోలులో మా వైపు కేబుల్ టీవీ అతనిదే. మా ఎదురింటి వీరబ్రహ్మంగారి మేడ మీద గది అద్దెకు తీసుకుని, నిండా వైర్లూ టేపు పెట్టెలూ పేర్చుకుని, రోజూ ఏదో ఒక సినిమా వేసేవాడు. రాజమండ్రిలో ఎవరో వీడియో షాపు ఎత్తేస్తుంటే కాసెట్లు గంపగుత్తగా కొనుక్కొచ్చాడు. వాటిలో ఒకటి ఇంగ్లీషు బొమ్మల సినిమా. ఎప్పటిదో పాతది. రంగులు వెలిసిపోయాయి. బొమ్మలు నడుస్తూ నడుస్తూ ఉన్నచోటే వణికేవి.

అది పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "మాస్టారండి, పిల్లలకి బాగుంటుందండి ఇది. కానీ ఒక్క ముక్క అర్థం కాదు. సౌండు తీసేసి మీరు మైకు దగ్గర కూర్చుని తెలుగులో చెప్పేద్దురూ" అన్నాడు.

హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. కుదరదంటారనుకున్నాను. కాసెట్టు మీద పేరు చూడగానే ఆయన మొహం మారిపోయింది. ఆ సినిమా ఒక నవల నుంచి తీసిందట, కాకినాడలో బీఏ చదివే రోజుల్లో ఆ నవల చదివారట. పరీక్షలు మానేసి మరీ చదివారట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది, అదీ పెద్దిరాజుకు చెబుతుంటే.

కథ ఏమిటంటే, ఒక రాజు నీడను ఎవరో ఎత్తుకుపోతారు. నీడ లేని రాజు రోజురోజుకూ పలచబడిపోతుంటాడు. ఆ నీడను వెతికి తేవడానికి ఒక కుమ్మరి పిల్ల బయల్దేరుతుంది. దానికి తోడు ఒక ముసలి ఎలుగుబంటి. ఆయన వారానికి కాస్త చొప్పున చెప్పుకొచ్చారు. మధ్యలో టేపు ఆపించి, బొమ్మ కదలకుండా నిలబెట్టి, నవల్లో ఉండి సినిమాలో లేనివి కూడా కలిపి చెప్పేవారు. ఆదివారం పది గంటలకు మా వీధిలో ఒక్క పిల్లాడు కనపడితే ఒట్టు. నేను మాత్రం వంటింట్లో పని ఉన్నట్టు నటిస్తూ, తలుపు పక్కన నిలబడి మొత్తం వినేదాన్ని.

తీరా చూస్తే ఆ సినిమా సగంలో ఆగిపోయింది. మంచుకోట గుమ్మం దగ్గర ఎలుగుబంటి మంచులో బిగుసుకుపోతుంది, పిల్ల ఒక్కతే లోపలికి అడుగు పెడుతుంది, అక్కడితో సరి. మిగతా సగం తర్వాత తీద్దామనుకున్నారట, డబ్బులు రాలేదో ఏమో, తీయనే లేదట. అలా తీసేవాళ్ళను ఏమనాలో నాకు తెలియదు. పిల్లలు మా గుమ్మం ముందు మూగారు. ఎలుగుబంటి చచ్చిపోయిందా మాస్టారండి, రాజుకు నీడ దొరికిందా అని ఒకటే గోల. ఆయన నవ్వి, "బొమ్మ లేకపోతే ఏం, నోరుందిగా. వచ్చే ఆదివారం మిగతాదంతా చెబుతాను" అన్నారు.

ఆ నోరే లేకుండా పోతోందని అప్పటికే మా ఇద్దరికీ తెలుసు. ఎండాకాలం నుంచీ గొంతు బొంగురుపోయింది. చుట్టా బీడీ ముట్టని మనిషి, జలుబే అనుకున్నాం. రాజమండ్రిలో డాక్టరు చూసి క్యాన్సర్ అన్నాడు. వైజాగ్ వెళ్ళి ఆపరేషన్ చేయించుకుంటే ప్రాణానికి భయం లేదట, కానీ స్వరపేటిక తీసెయ్యాలట. సోమవారం చేరమన్నారు. అందుకే ఆ ఆదివారం ఆయనకు అంత ముఖ్యం. పొద్దున కథ చెప్పి, మధ్యాహ్నం రైలెక్కాలని ఆయన లెక్క. వారం రోజులూ మిరియాల పాలు తాగుతూ, నాతో ఉన్న ఆ రెండు మాటలు కూడా మానేసి గొంతు దాచుకున్నారు.

పోయి పోయి ఆ ఆదివారం తెల్లారగట్లే పోయారు వీరబ్రహ్మంగారు. చనిపోయిన మనిషిని అనకూడదు. కానీ అనుకున్నాను, ఇంకొక్క పూట ఆగలేకపోయారా అని. ఆయన్ను అరుగు మీద పడుకోబెట్టారు. బరంపురం నుంచి కూతురు రావాలి, అంతదాకా లేపరు. శవం లేచేదాకా మా వీధిలో ఎవరూ పొయ్యి వెలిగించరు, రేడియో కూడా పెట్టరు. పెద్దిరాజు మేడెక్కి అన్నీ కట్టేసి కిందికి వచ్చేశాడు.

నేనుండబట్టలేక, "ఆ మైకు వైరేదో మా ఇంటిదాకా లాగరాదూ" అన్నాను.

"లాగొచ్చండి అమ్మగారు. కానీ పెద్దాయన్ని అక్కడ పెట్టుకుని మనం కోటలూ ఎలుగుబంట్లూ అంటే బాగుంటుందాండి" అన్నాడు పెద్దిరాజు, నేల చూస్తూ.

మా ఆయన నా వైపు తిరిగారు. "వద్దు రత్నం. ఇన్నాళ్ళూ ఆయన నెత్తి మీద కూర్చుని అరిచాను. ఒక్కనాడు విసుక్కోలేదు. ఈ పూట ఆయనది" అన్నారు.

కూతురు ఎక్కిన రైలు ఆలస్యం. మా రైలు వేళయ్యేసరికి కూడా వీరబ్రహ్మంగారు అరుగు మీదే ఉన్నారు. దణ్ణం పెట్టుకుని, పస్తులతోనే స్టేషనుకు నడిచాం. పిల్లలు గోడల పక్కన నిలబడి చూశారు. ఒక్కడూ అడగలేదు. అడిగి ఉంటేనే నయమనిపించింది.

రైలు గోదావరి దాటి రాజమండ్రి వదిలాక, ఆయన కిటికీ వైపు నుంచి నా వైపు జరిగారు. "నీకు చెబుతాను, వింటావా" అన్నారు.

"డాక్టరు ఎక్కువ మాట్లాడొద్దన్నాడుగా" అన్నాను.

"రేపటి తర్వాత మాట్లాడనుగా" అన్నారు.

చెప్పారు. మంచుకోట గుమ్మం దగ్గర మొదలుపెట్టి, నా చెవి దగ్గరకు వంగి, ఆ బొంగురు గొంతుతోనే అందరి గొంతులూ చెప్పారు. సామర్లకోటలో టీ అమ్మేవాడు వస్తే చెయ్యెత్తి వెళ్ళిపొమ్మన్నారు. అన్నవరంలో కొండ మీది స్వామికి ఇద్దరం కూర్చున్నచోటే దణ్ణం పెట్టుకున్నాం. బోళ్ళెడుమంది యాత్రికులు ఎక్కి మా మధ్యన మూటలు పెట్టారు. ఆ మూటల మీంచి వంగి చెప్పారు. తుని దాటాక కథ అయిపోయింది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన నాతో అంతసేపు మాట్లాడింది అదే.

"బాగుందా" అని అడిగారు.

"బాగుందండి" అన్నాను.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు డాక్టర్లు. వాళ్ళకు బాగానే ఉంటుంది. నిద్రలేచి ఆయన పెదవులు కదిపితే గాలి వచ్చింది, మాట రాలేదు. మెడ కింద చిల్లు, దాని మీద గుడ్డ. నేను ఆసుపత్రి వరండాలోకి వెళ్ళి, గోడకానుకుని గట్టిగా ఏడ్చాను. ఎవరేమనుకుంటే నాకేం.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు పెద్దిరాజు పలకరించడానికి వచ్చాడు. "పిల్లలు ఇంకా అడుగుతున్నారండి. మాస్టారు ఓపిక చేసుకుని రాసిస్తే, ఎవరిచేతైనా చదివిస్తానండి" అన్నాడు.

మా ఆయన పక్కనున్న పలక తీసుకుని రాశారు. "రాయక్కర్లేదు. ఈవిడకు తెలుసు. ఈవిడ చెబుతుంది."

రాసి నా వైపు తిప్పారు. ఆపరేషన్ తర్వాత ఆయన మొహంలో అంత వెలుగు చూడటం అదే మొదలు.

నేను పలక వైపు చూడలేకపోయాను. ఎందుకంటే ఆ కథలో ఒక్క ముక్క నాకు గుర్తు లేదు. మర్చిపోవడం కాదు, అసలు లోపలికే వెళ్ళలేదు. రైల్లో ఆయన చెబుతున్నంతసేపూ నేను ఆ గొంతు మాత్రమే విన్నాను. మాట చివర ఎలా దిగుతుంది, నవ్వొచ్చినప్పుడు ఎక్కడ చీరుకుంటుంది, ఎలా దమ్ము తీసుకుంటారు, అవే పట్టుకుని కూర్చున్నాను. రేపటి నుంచి పొద్దున్నే "రత్నం" అని పిలిచేదెవరని ఏడుపు దిగమింగుకుంటూ కూర్చున్నాను. కోటలో ఏమైందో, నీడ ఏమైందో నాకేం పట్టింది.

తెలియదని ఎలా చెప్పను? గొంతుండగా ఆయన చివరిసారి చెప్పిన కథ. నేను తెలియదంటే అది గాలికి పోయినట్టే.

"అలాగే చెబుతాలే" అన్నాను.

ఆదివారం ఆయన మెడకు మఫ్లరు చుట్టుకుని, నా చెయ్యి పట్టుకుని మేడెక్కించారు. మైకు నా ముందుకు జరిపి, పక్కనే కుర్చీ వేసుకున్నారు. మంచులో బిగుసుకుపోయిన ఎలుగుబంటి బొమ్మను పెద్దిరాజు కదలకుండా నిలబెట్టాడు. ఊరంతా చూస్తోంది. నేను నోటికొచ్చింది మొదలుపెట్టాను.

"ఆ పిల్ల చలిమంట వేసిందర్రా. మంచు కరిగింది. ఎలుగుబంటి ఒళ్ళు దులుపుకుని లేచింది" అన్నాను.

ఆయన చప్పున నా వైపు తిరిగారు. కాదన్నట్టు తల ఊపారు. ఇంకోసారి ఊపబోయి, నేను మైకును రెండు చేతులా గట్టిగా పట్టుకోవడం చూసి ఆగిపోయారు. నేను ఆపలేదు. ఎలా ఆపను? రాజుకు నీడ ఇప్పించాను, అందర్నీ ఇళ్ళకు చేర్చాను, అన్నాలు పెట్టించాను. అంతసేపూ ఆయన ఒళ్ళో చేతులు పెట్టుకుని ఆ బొమ్మనే చూస్తున్నారు.

"భలే చెప్పారండి అమ్మగారు" అన్నాడు పెద్దిరాజు. కింద పిల్లలు చప్పట్లు కొడుతున్నారు.

ఇంటికొచ్చాక ఆయన పలక తీసుకుని ఏదో రాసి చెరిపేశారు. చివరకు రాశారు. "రైలు చప్పుడుకి వినపడలేదా?"

అవునంటే సరిపోయేది. ఆయనే దారి చూపించారు. కానీ ఆ మనిషి మొహంలోకి చూస్తూ అబద్ధం చెప్పలేకపోయాను.

"వినపడిందండి. ఆఖరిదాకా వినపడింది. మీ గొంతు విన్నాను. కథ వినలేదు" అన్నాను.

ఆయన పలక పక్కన పెట్టారు. నా భుజం మీద నుదురు ఆనించి ఏడ్చారు. నా జాకెట్టు తడుస్తోంది, ఆయన వీపు ఎగసి ఎగసి పడుతోంది, అంత దగ్గరగా ఉన్నా నాకు ఏమీ వినపడలేదు.