గోతికి నీళ్ళు

నిరుటి కోతలప్పుడు ఓర్మ్‌ను ఈ గోతిలోనే దించారు. కాళ్ళూ చేతులూ కట్టి, నడుముకు తాడేసి. మునిగితే నిర్దోషి, తేలితే దొంగ. పాదిరి మంత్రించిన నీళ్ళు పాపిని లోపలికి రానివ్వవట. ఓర్మ్ తేలాడు. కుడి పాదం నరికేశారు.

ఇప్పుడు ఆ గోతికే అతని భార్య గున్నిల్డ్ నీళ్ళు మోస్తోంది.

రేపు అందులో దిగబోయేది ఆమె మరిది కెటిల్. మఠంవారి ధాన్యపు కొట్టు కాలిపోయింది. కాల్చినవాణ్ణి చూసినవాళ్ళు లేరు. అయితే ముందు మన చేలు కోసుకుని ఆ తర్వాతే మఠం పొలంలో వెట్టికి దిగుదామని ఊరందరికీ చెప్పింది కెటిలే. మఠం గుమాస్తా వారిన్‌కు ఆ సాక్ష్యం చాలింది.

గొయ్యి తవ్వడమూ వెట్టే, నింపడమూ వెట్టే. ఊళ్ళో గోధుమ పండి రాలిపోతుంటే ఆడవాళ్ళు పొద్దుటినుంచి ఏటికీ మిట్టకీ కావిళ్ళతో తిరుగుతున్నారు. పోసినదంతా మట్టి పీల్చేస్తోంది. నీళ్ళు మోకాటిలోతు దాటడం లేదు.

సగం మిట్టలో గున్నిల్డ్ కావడి దించి కూర్చుంది. తెగింపు కాదు, కాళ్ళు రాలేదు.

"లేవవే, ఆ వారిన్ చూస్తున్నాడు," అంది వెనకాలే వస్తున్న ముసలి తోలా.

"నేనిక మొయ్యను అవ్వా."

"మొయ్యకపోతే మనల్నీ ముంచుతారు."

"ఎందులో?"

తోలా గోతివైపు చూసింది. దగ్గులాంటి నవ్వొకటి వచ్చిందామెకు. తన కావడీ దించింది.

వరుస ఆగిపోయింది. దేవుడి తీర్పుకు అడ్డు పడతారా అని కొందరు తిట్టారు. ఉన్న ఒక్క ఆవునూ తోలుకుపోతారని ఒక పిల్లతల్లి ఏడ్చింది. గున్నిల్డ్‌కు వాదించే ఓపిక లేదు.

"నిరుడు నా మొగుడు తేలిన నీళ్ళు నేను మోసినవే," అంది. "మనం పొయ్యకపోతే అక్కడ తీర్పూ లేదు, గొయ్యే ఉంది."

ఒక్కొక్క కావడే నేలకు దిగింది. ఆవు గురించి ఏడ్చినామె అందరికన్నా ఆఖరున దించింది.

వారిన్ వచ్చి లేవమన్నాడు. ఎవరూ లేవలేదు. గున్నిల్డ్‌ను కట్టేయమని వెంట ఉన్న మఠం భటులకు చెప్పాడు. కెటిల్‌తో పాటు దీన్నీ దించుతానన్నాడు.

"ముందు గొయ్యి నింపుకో దొరా," అంది తోలా.

భటులే కడవలెత్తారు. ఇనుప చొక్కాలతో మిట్టెక్కలేక సగం దారిలోనే ఒలకబోశారు. చివరికి వారిన్ పక్క ఊరి వెట్టివాళ్ళకు కబురంపాడు.

మధ్యాహ్నానికి వాళ్ళు వచ్చారు. పెడరెక్కలు విరిచి కట్టిన గున్నిల్డ్ వాళ్ళ ముఖాలు చూసింది. అవీ కోతలనుంచి లాక్కొచ్చిన ముఖాలే. ముందున్న పెద్దాయన దారి పక్కన కర్రకు ఆనుకుని నిలబడ్డ ఓర్మ్ దగ్గర ఆగాడు. లేని పాదాన్ని చూశాడు.

"ఈ గోతిలోనేనా?"

"ఇందులోనే," అన్నాడు ఓర్మ్.

పెద్దాయన తన వాళ్ళవైపు తిరిగి ఏదో అన్నాడు. గున్నిల్డ్‌కు వినపడలేదు. వాళ్ళు మాత్రం కావిళ్ళు దించి, కాళ్ళు బారజాపి, ఈ ఊరి ఆడవాళ్ళ పక్కనే కూర్చున్నారు.