రెండు గుక్కలు

గాజు గ్లాసు చుట్టూ నాలుగో టేపు ముక్క అంటించి, గుర్తులక్క నడుం పట్టుకుని లేచింది. యాభై ఎనిమిదేళ్ల నడుం. లేవమంటే నాలుగుసార్లు బతిమాలించుకుంటుంది. మెడలో దారానికి వేలాడే కళ్ళద్దాలు, చేతికి గాజుల్లా రెండు టేపు చుట్టలు.

పాటల వీడియోల్లో ఆమె పని ఒక్కటే. ఒక షాట్‌లో ఉన్న వస్తువు తర్వాతి షాట్‌లో అంగుళం కూడా జరగకుండా చూడటం. కుర్చీకీ, చెప్పుకీ, పుస్తకానికీ అన్నిటికీ గుర్తులు పెడుతుంది గనక ఆ పేరు పడింది. పదేళ్లుగా ఈ కంపెనీ తీసేవన్నీ ఏడుపు పాటలే. మత్తుమందుకి బలైన కూతురు, తాగొచ్చి కొట్టే మొగుడు, క్యాన్సర్ వార్డు. పొద్దున్నే వెళ్లి ఎవరో ఒకరి దుఃఖాన్ని సర్దిపెట్టి రావడమే బతుకైపోయింది. మొదట్లో ఆమె కూడా ఏడ్చేది. ఇప్పుడు టేపు అయిపోతే తప్ప కళ్లలో నీళ్లు రావు.

ఇవాళ్టి పాట లారీ గుద్ది పోయిన కుర్రాడిది. వాళ్లమ్మే రాసుకుంది. కొడుకు వెళ్లిన పూట అతని గది ఎలా ఉందో కాగితం మీద పెట్టి ఇచ్చింది. కుర్చీ మీద తువ్వాలు, మంచం కింద ఒంటి మేజోడు, బల్ల మీద గ్లాసులో నీళ్లు, సగానికి వేలెడు పైన. షెడ్డులో సెట్టుగా వేసిన ఆ గదికి ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్లో చేతిసంచి పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

గది మొత్తం కనబడే షాట్ పొద్దునే అయిపోయింది. మధ్యాహ్నం గుర్తులక్క బల్ల దగ్గర ఉండగా ఫోన్ మోగింది. ఏడాదిగా మంచాన ఉన్న భర్త.

“ఎండ ఉండగా వస్తావా?”

“నాలుగింటికల్లా బయటపడతానండీ. ఏం?”

“కిటికీ దగ్గర కూర్చోవాలనుంది. పక్కింటి పిన్నికి చెబితే బస్తా ఈడ్చినట్టు ఈడుస్తుంది.”

“నేనొచ్చి కూర్చోబెడతాగా.”

ఆ గొంతు నిన్నటి గొంతు కాదు. తేడాలు పట్టడమే పనిగా బతికిన మనిషికి అది తెలియకుండా ఉంటుందా? భయమేసింది. గొంతు తడారిపోయింది. చూసుకోకుండానే చేతికందిన గ్లాసెత్తి రెండు గుక్కలు తాగింది. అలవాటు పడ్డ చెయ్యి దాన్ని సరిగ్గా టేపు ముక్కల మధ్యనే దించింది.

తల్లి వేషం కట్టిన నటి ఆ గ్లాసు అంచును వేలితో తాకే షాట్ ఒక్క టేకులో అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. లైట్లు దించేస్తున్నారు. నాలుగవుతోంది. సంచి భుజానికి తగిలించుకున్నాక, అలవాటు కొద్దీ, పొద్దున తీసుకున్న ఫోటో ఒకసారి చూసుకుంది. గ్లాసు వంక చూసింది. నీళ్లు సగానికి బాగా కింద ఉన్నాయి.

ఎవరికీ తెలియదు. పాట వినేవాడు గ్లాసులో నీళ్లు కొలుస్తాడా? నోరు మూసుకుంటే అరగంటలో ఇంట్లో ఉంటుంది. తల తిప్పితే ప్లాస్టిక్ కుర్చీలో ఆ తల్లి. ఆమె కొలుస్తుంది. పాట వచ్చిన ప్రతిసారీ ఆమె చూసేది ఆ గ్లాసు వంకే.

“అమ్మాయ్,” అంది గుర్తులక్క డైరెక్టరమ్మాయి దగ్గరికెళ్లి. “గ్లాసు షాట్ మళ్లీ తియ్యాలి. అందులో నీళ్లు నేను తాగేశాను.”

“మీరా?”

“నేనే.”

“లైట్లన్నీ దించేశారక్కా. గంట పైనే పడుతుంది. అంత చిన్న తేడా ఎవరికి కనిపిస్తుంది చెప్పండి?”

“ఆవిడకి.”

డైరెక్టరమ్మాయి అటు చూసి, లైట్లవాళ్లకి మళ్లీ ఎక్కించమని సైగ చేసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది గుర్తులక్కకి. ఆమె పక్కకెళ్లి ఇంటికి ఫోన్ చేసింది.

“కాస్త ఆలస్యమవుతుందండీ.”

“సర్లే. ఎండెక్కడికి పోతుంది, రేపూ వస్తుందిగా.”

లైట్లు మళ్లీ పైకెక్కాయి. గుర్తులక్క చెంచాతో నీళ్లు పోస్తూ, గ్లాసుకి వేలు ఆనించి కొలిచింది. అంతా అయ్యేసరికి గంటన్నర. వెళ్లబోతుంటే ఆ తల్లి చెయ్యి పట్టుకుని, “సరిగ్గా అలాగే ఉందమ్మా” అంది.

బస్సు దిగేసరికి వీధి దీపాలు వెలిగాయి. పక్కింటి పిన్ని గుమ్మంలోనే ఎదురొచ్చింది.

“అరగంట కూడా కాలేదమ్మా. ఎండ పోతోందని గొణుగుతుంటే నేనే కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. నువ్వొచ్చే దారి వంకే చూశాడు. మంచినీళ్లడిగి రెండు గుక్కలు తాగాడు. తల వాలిస్తే నిద్రనుకున్నాను.”

కుర్చీలో ఆయన చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. ఆ గంటన్నర ముందే రావలసింది. గుర్తులక్క నేల మీద కూలబడి ఆ చేతిలో మొహం పెట్టుకుంది. ఏడుపు రాలేదు. పిన్ని కిటికీ గట్టు మీది గ్లాసు అందుకోబోయింది.

“గుక్కెడు తాగమ్మా.”

“దాన్ని కదపకు పిన్నీ.”

మోకాళ్ల మీద లేచి, చేతికున్న టేపును పళ్లతో తుంచి, ముక్క తర్వాత ముక్క అంటించింది. గట్టు మీద నాలుగు గుర్తుల మధ్య గ్లాసు, అంచుకి రెండు వేళ్లు కిందుగా నీళ్లు, ఆయన వదిలినట్టే.