సగమే కనిపించిన వరుస

మా తమ్ముడు కలిబ్బాల ఉన్నాడే, వాడి లెక్కలో నాకు తలనొప్పి పని ఉన్న రోజునే వస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా అదే మాట. తనకు పన్ను సలిపితే మాత్రం వీధి వీధంతా మేలుకోవాలి.

అందుకే వాడి కూతురు ప్రొస్కోవియా క్వంజులా నాడు, అంటే మగపెళ్ళివాళ్ళు తరలివచ్చి పెద్దల ముందు పిల్లనడిగే నాడు, వరుడి బస్సు దగ్గర్లోకి వచ్చేసిందన్న సమయానికి నా ఎడమ కంటి పక్కన మెరుపు వంకర్లు తిరగడం మొదలైతే నోరు మూసుకున్నాను. వచ్చిన మగవాళ్ళలోంచి పెళ్ళికొడుకును గుర్తుపట్టి, అతని కోటుకు పువ్వు గుచ్చాల్సింది మేనత్త. అంటే నేను. అతను పలకకూడదు, సైగ చెయ్యకూడదు. నేను తప్పు మనిషికి గుచ్చానా, వాడి మిగిలిన ముగ్గురు ఆడపిల్లల పెళ్ళిళ్ళలో ఇక నాకు పీట ఉండదు. మా చెల్లెలు కొత్త గొమేసి గౌను కుట్టించుకుని ఆ పీట కోసమే కాచుకుని ఉంది.

క్లినిక్‌లో డాక్టరమ్మ ఓసారి విడమరిచి చెప్పింది. పార్శ్వపు నొప్పి వచ్చినప్పుడు కళ్ళు బాగానే ఉంటాయట, కళ్ళు పంపినదాన్ని అందుకుని సర్దిపెట్టాల్సిన మెదడే చేతులెత్తేస్తుందట. అందరి మెదడూ అక్కర్లేని వెలుతురునీ మోతనీ వాసననీ గుమ్మం దగ్గరే ఆపుతుంది. నాది ఆ పూట అందరినీ లోపలికి పిలిచి కూర్చోబెడుతుంది. ఇదంతా తమ్ముడికి చెబితే, "డాక్టరమ్మ కూడా మీ ఆడవాళ్ళ జట్టే కదా," అన్నాడు.

ఇప్పుడు వాడే హడావుడిగా వచ్చాడు. "అక్కా, చాపలు పరిచారా?"

"ఆ, మేకలన్నీ పరిచాం," అన్నాను. చాప అన్న మాట ఎంత వెతికినా అందలేదు.

"పొద్దున్నే తాగావా ఏంటి?" అని వెళ్ళిపోయాడు.

ప్రొస్కోవియా మాత్రం నా గడ్డం పట్టుకుని చూసింది. "అత్తా, వచ్చిందా?"

"నీ పెళ్ళి సంగతి నువ్వు చూసుకో."

"నేను కనిపిస్తున్నానా?"

"సగం కనిపిస్తున్నావు. ఆ సగం బాగానే ఉన్నావు."

అది వెంటనే ఫోన్ తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. మాత్ర తేవడానికేమో అనుకున్నాను. తేలేదు.

బస్సు చెప్పిన వేళకంటే ఆలస్యంగా వచ్చింది. లౌడ్ స్పీకర్లు నా తలలోనే బిగించినట్టుంది. రెండు వైపుల పెద్దమనుషులూ మైకుల్లో వేళాకోళాలాడుకున్నారు, తర్వాత నన్ను పిలిచారు. పువ్వు పట్టుకుని వెళ్ళాను. నలభై మంది మగవాళ్ళు, మడమల దాకా వేలాడే నలభై తెల్ల కాంజులు, నలభై నల్ల కోట్లు. అందులోనూ ఎడమ సగం లేదు. తల తిప్పితే అటువాళ్ళు వచ్చారు, ఇటువాళ్ళు పోయారు.

పోనీ మొహాలు చూద్దామంటే, కళ్ళు కళ్ళుగా, ముక్కు ముక్కుగా కనిపిస్తున్నాయి. వీటన్నిటినీ కలిపి ఇది ఫలానా మనిషి అని చెప్పేవాడు లోపల సెలవు పెట్టాడు. పెళ్ళికొడుకు సెంబూజె మా ఇంట్లో ఎన్నిసార్లు తిన్నాడో. అయినా ఆ వరుసలో ఎవడైనా సెంబూజె కావచ్చు.

మొదటి మనిషి ముందు ఆగి పువ్వెత్తాను. అతని సెంటు మేకులా నా నుదుట్లో దిగింది. చప్పున వెనక్కి జరిగాను. జనం గొల్లున నవ్వారు. రెండోవాడి దగ్గర తుమ్మాను. మూడోవాడి దగ్గర ముక్కు మూసుకున్నాను.

"ఏమ్మా, మా సరుకు నచ్చలేదా?" అన్నాడు వాళ్ళ పెద్దమనిషి మైకులో.

"నిలవ సరుకు తెచ్చారు," అన్నాను. ఆ మాట ఎలా అందిందో నాకే తెలియదు.

అలా ఒక్కొక్కరి దగ్గరా మొహం తిప్పుకుంటూ రెండో వరుస దాకా వచ్చాను. ఒక చోట మేకు దిగలేదు. ఉత్త సబ్బు వాసన, అదీ కొంచెమే. నలభై మంది మధ్య ఆ ఒక్క జానెడు జాగాలో ఊపిరి ఆడింది. ఎవరైతే ఏమయ్యిందిలే, ఇక ఇక్కణ్ణుంచి కదలలేననుకుని పువ్వు గుచ్చేశాను.

ఆడవాళ్ళ సంతోషపు కూతలతో పందిరి ఎగిరిపోయింది. అతను సెంబూజేనట.

తమ్ముడు భుజం తట్టాడు. "భలే నటించావక్కా. చూశావా, మనసు పెడితే తలనొప్పీ లేదు, గిలనొప్పీ లేదు." గట్టిగా తిడదామనుకున్నాను. తిట్టు గుర్తు రాలేదు.

భోజనాలప్పుడు సెంబూజె వచ్చి నా పక్కన వంగి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అత్తయ్యా, ప్రొస్కోవియా ఫోన్ చేసి మీకు నొప్పి వచ్చిందనీ, వాసన పడదనీ చెప్పింది. దారిలో బస్సు ఆపించి, బోరింగు దగ్గర సెంటంతా కడిగేసుకున్నా. కాంజు కూడా మార్చుకున్నా."

"మరి మిగతావాళ్ళు?"

"ఇంకాస్త పూసుకోమన్నా. సీసా ఖాళీ చేశారు." ఇంటివైపు చూపించాడు. "వెనక గదికి తెరలు వేసి ఉన్నాయి. పడుకోండి. తలుపు దగ్గర నేనుంటా, ఎవర్నీ రానివ్వను."

మా వాళ్ళలో నా తలనొప్పిని నమ్మిన మొదటి మగవాడు. నాకు ఏడుపొచ్చింది. ప్రొస్కోవియాను బాగా చూసుకో నాయనా అని చెప్పాలనుకున్నాను. చిన్నప్పుడు నేనే ఎత్తుకుని పెంచిన పిల్ల, దాని పేరే అందలేదు.

"మేకను బాగా చూసుకో," అన్నాను.

"అలాగే అత్తయ్యా," అన్నాడు. నవ్వలేదు.