తాడు కింది బరువు

నేను గోడలకు రంగులేసేవాణ్ణి. నా బావమరిది బరువుగా ఉండేవాడు. నవ్వకండి, అదీ ఉద్యోగమే.

పరంజా కట్టడానికి చోటు లేని ఇరుకు సందుల్లో మాకు పని దొరికేది. మేడ మీద కప్పీ బిగిస్తాం. దాని మీదుగా తాడు. ఒక చివర నేను కూర్చునే పలక, నా రంగు డబ్బా. రెండో చివర బావమరిది నడుముకి వెడల్పాటి తోలు పట్టీ. అతను వెనక్కి నడిస్తే నేను పైకి పోతాను, ముందుకొస్తే కిందికి దిగుతాను. అతని ఒళ్లు నా ఒంటికన్నా బరువుగా ఉన్నంతకాలం నా ప్రాణానికి ఢోకా లేదు. అందరూ అతన్ని డ్రమ్ము అనేవారు. ఒకసారి సుడిగాలి వచ్చి నన్ను పలకతో సహా మేడ దాటించి, వెనక వీధి చూపించి మళ్లీ తెచ్చి దింపింది. అంతసేపూ డ్రమ్ము కింద నిలబడి కునుకు తీస్తూనే ఉన్నాడు. అబద్ధమైతే సగం మీసం గీయించుకుంటాను.

అలాంటి డ్రమ్ము కాళ్లు ఒకరోజు జారాయి.

మూడో అంతస్తు కిటికీకి అంచు దిద్దుతున్నాను. పలక అరచేతి వెడల్పు దిగింది. అంచు వంకరపోయింది. కిందికి చూస్తే డ్రమ్ము చెప్పులు నేలను గీసుకుంటూ గోడవైపు వస్తున్నాయి.

“ఏరా, నిలబడే నిద్రపోతున్నావా?”

“తాడు సాగుతోంది బావా!”

ఆ తాడు సాగాల్సిందంతా ఏనాడో సాగిపోయింది. మా పెళ్లినాటి తాడది. నాకు అనుమానం మొదలైంది.

మధ్యాహ్నం అది ఇంకాస్త ముదిరింది. రోజూ తన డబ్బాలో అన్నం అయిపోగానే నా డబ్బావైపు ఆశగా చూసే మనిషి, ఆ రోజు గోడవైపు తిరిగి తిన్నాడు. పైగా మూత అడ్డం పెట్టుకున్నాడు. చేతులు కడుక్కునే వంకతో చుట్టూ తిరిగి తొంగి చూశాను. ఉడికించిన గుడ్లు, ఆకుకూర, ఓ చేపముక్క. వెతికినా అన్నం మెతుకు లేదు.

ఇంటికి రాగానే మా ఆవిణ్ణి నిలదీశాను. “మీ తమ్ముడికేమైంది? మేకలాగా ఆకులు మేస్తున్నాడు.”

“పిండి పదార్థాలు మానేశాడట. అన్నం, రొట్టె, దుంప, చక్కెర, ఏదీ ముట్టడట. మోకాళ్ల నొప్పులు, ఆయాసం తగ్గాలంటే ఒళ్లు తగ్గాలన్నాడట డాక్టరు.”

“వాడి ఒళ్లు తగ్గితే నేను ఎముకల మూటనై ఇంటికొస్తాను. నాతో ఒక్క ముక్క అనలేదేం?”

“మీతో అంటే మైకులో అన్నట్టేగా!”

రేపు వాణ్ణి కడిగేద్దామనుకుంటూ పడుకున్నాను. తీరా మర్నాడు పలకెక్కితే, రాతిమీద కూర్చున్నట్టు కదలదు మెదలదు. పరీక్షకని పలక మీద రెండు ఇటుకలు పెట్టుకున్నాను. కదల్లేదు. నిండు డబ్బా ఇంకోటి తగిలించాను. ఊహూ. అన్నం మానినవాడు తేలికవ్వాలి కదా? అక్కతో ఒకటి చెప్పి, దొంగచాటుగా బుట్టలకొద్దీ తింటున్నాడా?

ఆ ఎండాకాలమంతా వాణ్ణి పోలీసువాడిలా కనిపెట్టి ఉన్నాను. రోజురోజుకీ బుగ్గలు లోపలికి పోతున్నాయి. మెడ బయటపడింది. వాడికి మెడ ఉందని అంతవరకు కన్నతల్లికి కూడా తెలియదు. పొట్ట మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ముఖం చిక్కి, పొట్ట చిక్కని మనిషిని ఎక్కడైనా చూశారా? నేను చూశాను. చూసి, పైన కూర్చున్నంతసేపూ చెమటలు కక్కాను.

ఒకరోజు పలక దిగుతుంటే నా గీకుడు కత్తి కిందపడింది. డ్రమ్ము తీసివ్వడానికి వంగాడు. మనిషి వంగాడు గానీ పొట్ట వంగలేదు. ఒక్క ఉదుటున దిగి, బ్రష్షు కాడతో పొడిచాను. ‘దబ్’ మంది. ఇంకోసారి గట్టిగా పొడిస్తే చొక్కా కింది నుంచి సన్నటి ధార చెప్పు మీద పడింది.

ఇసుక!

“ఏంట్రా ఇది?”

“పొట్ట బావా.”

“పొట్ట కారుతోందిరా, ఒరేయ్!”

తలొంచుకుని చొక్కా ఎత్తాడు. నడుం చుట్టూ గుడ్డ సంచులు. వాటి వెనకాల, పాపం, అసలు మనిషి ఇంతే ఉన్నాడు.

“ఆ సంచి ముడి ఊడుంటే నేనేమయ్యేవాణ్ణిరా? మీ అక్క బొట్టు సంగతి ఆలోచించావా?”

“రెండేసి ముళ్లు వేశాను బావా. నీకు చెబితే ఇంకో లావుపాటోణ్ణి వెతుక్కుంటావని భయం. ఈ ఒళ్లే కదా నా ఉద్యోగం! కానీ ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం రావట్లేదు. పొద్దున లేస్తే మోకాళ్లు నా మాట వింటున్నాయి. మళ్లీ అన్నం తిని అలా అయిపోమంటే మాత్రం నా వల్ల కాదు. నన్ను తీసేస్తే తీసెయ్.”

పైన కిటికీలోంచి ఇంటావిడ తల బయటపెట్టింది. “మీ కుటుంబం గొడవ తర్వాత! సగం గోడ నీలం, సగం బోడి. చూసినవాళ్లు నవ్వుతున్నారు.”

ఇసుకను నమ్మి మళ్లీ పలకెక్కే ధైర్యం నాకు లేదు. వాడి వైపు చూశాను. నా వైపు చూసుకున్నాను. పైన కూర్చుని కూర్చుని నాకూ ఓ పొట్ట వచ్చిన సంగతి అప్పుడే గమనించాను. తోలు పట్టీ వాడి నడుం నుంచి విప్పి నా నడుముకి బిగించుకున్నాను. వాణ్ణి పలక మీద కూర్చోబెట్టి, కప్పీని తలచుకుని ఒకడుగు వెనక్కి వేశాను. డ్రమ్ము నేల విడిచాడు. ఇంకో అడుగు వేస్తే మొదటి అంతస్తు దాటాడు.

జన్మలో పైకెక్కనివాడు కేకలు పెడతాడనుకున్నాను. వాడేమో బ్రష్షు ముంచి, అంచు వెంట ఒకే పట్టున గీశాడు. గీత సూదిలా వచ్చింది.

“ఎక్కడ నేర్చావురా?”

“ఇన్నేళ్లూ కింద నుంచి చూస్తూనే ఉన్నాను కదా బావా! ఇంకో జానెడు పైకి.”

సాయంత్రం ఇంటికెళ్లి, చెప్పులింకా విప్పలేదు, నోరింకా తెరవలేదు. మా ఆవిడ వేడినీళ్ల బకెట్టు తెచ్చి నా ముందు పెట్టింది.

“కింద నిలబడి నిలబడి కాళ్లు పీకుతుంటాయి. ముంచండి.”

“నేను కింద నిలబడ్డానని నీకెవరు చెప్పారే?”

“ఎవరో ఒకరు చెబుతారు. లేవండి, అన్నం చల్లారిపోతోంది.”

కంచంలో అన్నం కుప్ప నా గడ్డం దాకా వచ్చింది. తింటూ ఆలోచించాను. తూకం కుదిరేదాకా నేను పడిపోకుండా ఇసుక కట్టాలన్న తెలివి ఆ డ్రమ్ము బుర్రది కాదు. వాడి ఒళ్లు తగ్గితే ఎముకల మూటనవుతానని నేను మొత్తుకున్నది ఒక్క మనిషి దగ్గరే. ఆ మర్నాడే పలక రాయిలా బిగిసింది.

“ఆ సంచులు కుట్టిందెవరు?” అన్నాను.

మా ఆవిడ గరిటె నిండా అన్నం తీసి నా కంచంలో వేసింది. “ఇంకాస్త తినండి. తమ్ముడు పైనుంటాడు.”